వాక్యం తోక పట్టుకోండి

తొమ్మిదో తరగతి అమ్మాయి. చదవమంటే గలగలా చదివేస్తుంది. ఒత్తులు పోవు, 'శ'కీ 'ష'కీ తేడా పలుకుతుంది, కామా దగ్గర ఆగుతుంది. బడికి తనిఖీకి ఎవరొచ్చినా ముందు ఆ పిల్లనే లేపేవాళ్లం. అపరిచిత గద్యం ప్రశ్నల్లోనూ మార్కులు బాగానే తెచ్చుకునేది. ఆ మార్కుల కిటుకు నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా దించేస్తుంది. వెతకడంలో ఆమెకు సాటి లేదు.

ఒకరోజు నేనే ఒక పేరా రాసి ఇచ్చాను. అదే పేరా ఈ అధ్యాయం పొడవునా మనకు పనికొస్తుంది కాబట్టి మొత్తం ఇస్తున్నాను.

"1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. కుండపోత వానకు ఎగువన చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగడంతో నది ఒక్కసారిగా హైదరాబాదు మీద పడింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గరి తోటలో ఒక చింతచెట్టు ఎక్కినవాళ్లు మాత్రం బతికి బయటపడ్డారు. వాళ్లు సుమారు 150 మంది అని చెబుతారు. మళ్లీ అలాంటి ముప్పు రాకుండా చూసేందుకు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువనే నీటిని ఆపాలని ఆయన సూచించారు. ఆ ప్రకారం మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి."

చదివాక కాగితం బోర్లా పెట్టించి, "ఏం చదివావో చెప్పమ్మా" అన్నాను.

"మూసీ నది గురించి సార్. వరద గురించి. చింతచెట్టు గురించి. విశ్వేశ్వరయ్య గారి గురించి. ఉస్మాన్ సాగర్ గురించి."

"ఇంకా?"

"అంతే సార్."

ఐదు 'గురించి'లు. సంతలో కూరగాయల కుప్పల్లా దేనికదే. వరదకీ విశ్వేశ్వరయ్యకీ ఏమిటి సంబంధం అని అడిగితే తల దించుకుంది. పక్కనున్న కుర్రాడు అందుకుని, "వరదలో ఆయన కూడా చెట్టెక్కాడు సార్" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఇంటికెళ్లాక నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ కుర్రాడు కనీసం రెంటినీ కలపాలని చూశాడు. కలపడానికి తప్పు ముడి వేశాడు, అంతే. అమ్మాయి అసలు ముడే వేయలేదు.

ఈ జబ్బు మన పిల్లలకే వచ్చింది కాదు. అమెరికాలో బోనీ మేయర్ అనే విద్యా మనస్తత్వవేత్త పాఠం అమరికకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం మీద 1975లోనే పుస్తకం వేశారు. 1980లో ఇద్దరు సహచరులతో కలిసి ఆవిడ ప్రచురించిన అధ్యయనం సరిగ్గా తొమ్మిదో తరగతి పిల్లల మీదే. వాళ్ల చేత చదివించిన వ్యాసాల్లో ఒకటి భారీ చమురు ఓడల గురించి. ఓడ పగిలితే చమురు సముద్రంలో కలుస్తుంది, ప్రాణులు చస్తాయి, అలా జరక్కుండా ఏం చేయాలి అన్నది విషయం. సమస్య, దానికి పరిష్కారం అనే రచయిత అమరికను పట్టుకున్న పిల్లలు ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. పట్టుకోలేని పిల్లలు గుర్తున్న వాక్యాలను ఒకదాని కింద ఒకటి జాబితాలా రాశారు. మా అమ్మాయి చెప్పిన 'గురించి'ల జాబితా అలాంటిదే.

మేయర్ ప్రధానంగా ఐదు అమరికలు చెప్పారు: వర్ణన, వరుస, పోలిక, కారణం–ఫలితం, సమస్య–పరిష్కారం. నేను వీటిని 'అల్లికలు' అంటాను. మా పిల్లలకు ఆ మాట కూడా బరువే అయింది. వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. వరుసకు మెట్లు, పోలికకు త్రాసు, కారణానికి గొలుసు, సమస్యకు తాళం–చెవి, వర్ణనకు గొడుగు. మీ పిల్లలు ఇంకేం పేర్లు పెట్టుకున్నా సరే, పేరు వాళ్లదై ఉండాలి. పలకమీద రాసి కంఠస్థం చేయించారో, అది ఇంకో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోతుంది.

చేప ఎందుకు ఎండలేదు

ఐదింటిలో దేనితో మొదలుపెట్టాలి? మెట్లు తేలికని చాలామంది దానితో మొదలుపెడతారు. నేను గొలుసుతో మొదలుపెడతాను. మన పిల్లలకు నాలుగేళ్లకే అది వచ్చు గనక.

ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్ల ఉండదు. రాజుగారి కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. చేపను అడిగితే గడ్డిమేటు మీద నెపం పెట్టింది. గడ్డిమేటు ఆవు మీద పెట్టింది. ఆవు కాపరి మీద, కాపరి అన్నం పెట్టని అమ్మ మీద, అమ్మ ఏడ్చిన పిల్లవాడి మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద పెట్టారు. చీమ దగ్గర కథ ఆగుతుంది. తన పుట్టలో వేలు పెట్టారన్న గట్టి కారణం చీమకుంది, ఇంకొకరి మీద పెట్టాల్సిన పని లేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో చిన్న తేడాతో చెబుతారు గానీ గొలుసు మాత్రం ఎక్కడా తెగదు.

గమనించండి, ఈ కథ ఫలితంతో మొదలై కారణంవైపు వెనక్కి నడుస్తుంది. చేప ఎండలేదన్నది ముందు తెలుస్తుంది, చీమ చిట్టచివర వస్తుంది. మన సాంఘికశాస్త్రం పాఠాల్లో సగం ఇలాగే ఉంటాయి. ఫలానా రాజ్యం పతనమైంది అని మొదలుపెట్టి, ఎందుకు పతనమైందో తర్వాత చెబుతారు. ముందు చెప్పింది ముందు జరిగిందనుకునే పిల్ల అక్కడే బోల్తా పడుతుంది.

అందుకని మొదటి రోజు ఏ పాఠమూ తీయను. ఏడు చేపల కథను తిరగేసి చెప్పమంటాను. చీమతో మొదలుపెట్టి చేప దాకా రావాలి. పెద్ద తరగతి పిల్లలు కూడా మొదట తడబడతారు, తర్వాత ఊపందుకుంటారు. వాళ్లు చెప్పింది బోర్డు మీద రాస్తాను. ఒకసారి ఇలా వచ్చింది:

"పుట్టలో వేలు పెట్టడంతో చీమ కుట్టింది. చీమ కుట్టినందుకు పిల్లవాడు ఏడ్చాడు. పిల్లవాడు ఏడవడం వల్ల అమ్మ అన్నం పెట్టలేకపోయింది. అన్నం లేక కాపరి ఆవును విప్పలేదు. ఆవు రాలేదు కాబట్టి గడ్డిమేటు తరగలేదు. గడ్డిమేటు అడ్డమై చేప ఎండలేదు."

ఆరు వాక్యాలు. అన్నింటిలోనూ ఒకదానివల్ల ఒకటి జరిగిందనే చెప్పాం. కానీ ఆ సంగతి చెప్పిన మాట ఎక్కడా ఒకటి కాదు. పెట్టడంతో, కుట్టినందుకు, ఏడవడం వల్ల, లేక, రాలేదు కాబట్టి, అడ్డమై. ఇందులో 'వల్ల', 'కాబట్టి' తప్ప తక్కినవన్నీ క్రియకు అతుక్కుని ఉన్న తోకలే. మన భాషలో కారణం క్రియ చివర దాక్కుంటుంది.

పఠన నైపుణ్యాల మీద వచ్చే పుస్తకాలు ఎక్కువ ఇంగ్లీషువి. అవి చెప్పే సూత్రం, సంకేత పదాలు వెతకమని. ఇంగ్లీషులో అది చెల్లుతుంది. 'బికాజ్' అనే మాట విడిగా, నిక్కచ్చిగా నిలబడి ఉంటుంది. ఆ పట్టికను తెలుగులోకి దించి 'ఎందుకనగా, అందువలన, అయినప్పటికీ' అని చార్టు కట్టి గోడకు తగిలించిన తరగతి గదులు నేను చూశాను. నా గదిలోనూ ఒకటి ఉండేది, ఐదేళ్లు ఉంది. చార్టులో ఉన్న మాటలు పాఠంలో పేజీకి ఒకటి వస్తే గొప్ప. పాఠంలో కారణాలు లేక కాదు, అవి తోకల్లో ఉన్నాయి.

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేమంటారు. క్రియ తోక పట్టుకుంటే పాఠం ఈదొచ్చు.

వ్యాకరణం అక్కరకొచ్చే చోటు

ఇక్కడ తెలుగు మాస్టార్లకు ఒక శుభవార్త. ఈ తోకల జాబితా మనం ఇప్పటికే చెబుతున్నాం. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని అసమాపక క్రియల పాఠంలో. 'చేసి' అంటే ఒక పని ముగిశాక ఇంకోటి. 'చేస్తూ' అంటే రెండు పనులు ఒక్కసారి. 'చేస్తే' అంటే షరతు. 'చేసినా' అంటే అనుకున్నది జరగలేదని. ఇవే కదా పాఠాన్ని కుట్టే దారాలు! ఈ నాలుగు పేర్లనూ పిల్లలు పరీక్షకు ముందు రోజు బట్టీ పట్టి, పరీక్ష హాలు దాటగానే మరిచిపోతారు. నేనూ విద్యార్థిగా అదే చేశాను, మాస్టారిగా చాన్నాళ్లు అదే చేయించాను. చదవడానికి ఇది పనిముట్టు అని ఎవరూ నాకు చెప్పలేదు.

అన్నిటికంటే ముందు 'ఇనా'ను పట్టించండి. 'వాన పడినా చెరువు నిండలేదు' అన్న వాక్యంలో ప్రాణమంతా ఆ దీర్ఘంలో ఉంది. చూపు జారిందంటే వాన, చెరువు రెండే మిగులుతాయి. పిల్లల్ని తప్పుదారి పట్టించడంలో దీన్ని మించిన తోక లేదని నా అనుభవం.

తర్వాత 'అందుకు'. 'గెలిచినందుకు బహుమతి ఇచ్చారు', 'గెలిచేందుకు కష్టపడ్డారు'. మొదటిది కారణం, రెండోది ప్రయోజనం. తేడా 'చిన', 'చే' దగ్గర మాత్రమే. మూసీ పేరా మళ్లీ చూడండి. 'తెగడంతో' దగ్గర గొలుసు ఉంది. 'రాకుండా చూసేందుకు' దగ్గర పేరా మలుపు తిరిగి, సమస్య ముగిసి పరిష్కారం మొదలైంది. ఆ 'సేందుకు' కనిపించిన పిల్లకు విశ్వేశ్వరయ్య ఎందుకొచ్చాడో ఎవరూ చెప్పక్కర్లేదు. పేరా మొత్తం ఒక తాళం, ఒక చెవి. చింతచెట్టు ఆ తాళానికి కట్టిన రంగుదారం. అందంగా ఉంది, గుర్తుండిపోతుంది, కానీ తలుపు తెరవడానికి దాంతో పని లేదు. ఏది ముఖ్యం, ఏది ముచ్చట అన్నది కూడా అల్లిక తెలిస్తేనే తెలుస్తుంది.

తోకలు మోసం కూడా చేస్తాయి, అది దాచకూడదు. 'అన్నం తిని బడికెళ్లాడు' అంటే వరుస. 'వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు' అంటే? తోక అదే, క్త్వార్థకమే, కానీ అక్కడున్నది కారణం. అలాగే 'తే'. 'చదివితే పాసవుతావు' షరతు. 'గోదావరి తూర్పుకు పారి బంగాళాఖాతంలో కలిస్తే, నర్మద పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తుంది' అన్నచోట షరతు ఏమీ లేదు. గోదావరి కలవకపోతే నర్మద మానేస్తుందా? అది పోలిక. ఈ ప్రశ్న అడిగినప్పుడు పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్విన తోక మరచిపోరు.

కాబట్టి తోక చూసి అల్లిక పేరు చెప్పేయడం కాదు పని. తోక దగ్గర ఆగి, 'ఈ రెంటికీ ఏమిటి ముడి?' అని అడగడం పని. ఆగే చోటు తోక చూపిస్తుంది, ముడి మాత్రం పిల్లే వేసుకోవాలి.

తరగతిలో ఎలా

ఒక అల్లికకు రెండు వారాలు ఇవ్వండి. వారానికి మూడు రోజులు, రోజుకు పావుగంట చాలు. చేతిలో ఎర్ర పెన్సిలు. పేరా చదువుతూ తోకల కింద గీత గీయాలి. తర్వాత బొమ్మ వేయాలి. గొలుసు అయితే గళ్లు, బాణాలు. తాళం–చెవి అయితే ఎడమ పక్క చిక్కు, కుడి పక్క విరుగుడు. ఆ తర్వాత పుస్తకం మూసి, బొమ్మ మాత్రం చూస్తూ నోటితో చెప్పాలి. ఈ మూడో మెట్టు ఎగ్గొట్టకండి. చాలామంది బొమ్మ వేయించి, బాగా వేసినవాళ్లవి గోడకు అంటించి ఊరుకుంటారు. బొమ్మ చెప్పడం కోసం, గోడ కోసం కాదు.

త్రాసు బొమ్మ ఒక్కటే ప్రత్యేకంగా చెప్పాలి. రెండు నిలువు గళ్లు గీసి వదిలేస్తే పిల్లలు ఎడమ పక్క గోదావరి గురించి తెలిసింది, కుడి పక్క మూసీ గురించి తెలిసింది నింపుతారు. అది పోలిక కాదు, మళ్లీ రెండు కుప్పలే. మధ్యలో మూడో నిలువు గడి ఉండాలి, 'ఏ విషయంలో?' అని. ముందు అది నింపాలి.

ఉదాహరణకు ధవళేశ్వరం ఆనకట్ట. గోదావరి నిండుగా పారుతున్నా పొలాలకు నీళ్లు లేని కాలం అది. 1832–33లో కోస్తాను పట్టిన నందన కరువులాంటివి జనాన్ని తుడిచిపెట్టాయి. ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది, కాలువలు పారాయి. ఇప్పుడు దీన్నీ మూసీ పేరానూ త్రాసులో వేయమనండి. ఏ విషయంలో? 'ముప్పు' విషయంలో: అక్కడ నీరు అందక చచ్చారు, ఇక్కడ నీరు ముంచి చచ్చారు. 'కట్టడం ఏం చేసింది' అన్న విషయంలో: ఒకటి నీటిని పొలాలకు మళ్లించింది, ఇంకొకటి నీటిని ఎగువనే ఆపింది. 'ఎవరు' విషయంలో: ఇద్దరూ ఇంజనీర్లే. ఇంతవరకూ వచ్చాక మా తరగతిలో ఒక పిల్లవాడు, "రెండూ తాళం–చెవే కదా సార్, మరి త్రాసు అంటారేమిటి?" అని అడిగాడు. ఆ రోజు నేను ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను. అతను చూసింది నిజమే. పెద్ద అల్లిక త్రాసు, దాని రెండు సిబ్బెల్లో రెండు తాళాలు. అసలైన పాఠాలన్నీ ఇలాగే ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. ఒక్కో పేరాకు ఒకే పేరు ఉండాలని పట్టుబట్టే మాస్టారు పిల్లల్ని కాదు, తన్నే మోసం చేసుకుంటాడు.

మెట్ల మీద ఎక్కువ సేపు ఉండనక్కర్లేదు. ఆహారం నోటినుంచి పెద్దపేగు దాకా ఎలా వెళ్తుందో చెప్పే సైన్సు పాఠం ఉంది, ఇంట్లో అమ్మ పులిహోర కలిపే పద్ధతి ఉంది. రెండు పీరియడ్లలో అయిపోతుంది. గొడుగు చూడ్డానికి తేలిక, పట్టడానికి కష్టం. అందులో తోకలే ఉండవు. ఒక విషయం, దాని కింద పుల్లల్లా వివరాలు. దాన్ని చివరికి ఉంచండి.

తోకలు గుర్తుపట్టడం వచ్చాక నేను ఆడించే ఆట ఒకటుంది. తోకలు తెంపిన పేరా ఇస్తాను. "1977 నవంబరు 19న తుఫాను దివిసీమను తాకింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు." నాలుగు పొడి వాక్యాలు. వీటిని తోకలతో కుట్టమంటాను. 'తాకడంతో సముద్రం ఊళ్ల మీదికి రాగా' అని ఒకరు, 'చనిపోయినందువల్ల కట్టారు' అని ఒకరు, 'మళ్లీ చనిపోకుండా ఉండేందుకు కట్టారు' అని ఇంకొకరు. చివరి రెండింటిలో ఏది మంచిది? దీని మీద పావుగంట కొట్లాట జరిగింది. ఒక అమ్మాయి, "చనిపోయినందువల్ల అంటే వాళ్లకోసం కట్టినట్టుంది సార్. వాళ్లు లేరు కదా. ఉన్నవాళ్లకోసం కట్టారు" అంది. కొత్త పాఠాల్లో రచయితలు తోకలు పెట్టకుండా పొడి వాక్యాలు రాసుకుంటూ పోతారు. వాటిని చదవడానికి ఈ ఆటే సాధన. ముడి లేనిచోట ముడి వేసుకోవడం అలవాటవుతుంది.

పెద్ద పిల్లలకు ఇంకొకటి

పదో తరగతికి వచ్చినవాళ్లు సంపాదకీయాలు, అభిప్రాయ వ్యాసాలు చదవాలి. అక్కడ ఈ ఐదూ చాలవు. మన తర్కశాస్త్రం ఎన్నడో పేరు పెట్టిన అల్లిక ఒకటుంది: పూర్వపక్షం, సిద్ధాంతం. ఎదుటివాడి వాదన ముందు చెప్పి, ఆ తర్వాత తన మాట చెప్పడం. మన పత్రికా రచయితలకు ఈ పద్ధతి ఎంత ఒంటబట్టిందంటే, వాళ్లకే తెలియకుండా రాసేస్తారు.

"సెల్‌ఫోన్లు వచ్చాక పిల్లలు పుస్తకాలకు దూరమయ్యారని పెద్దలు వాపోతున్నారు. అందులో నిజం లేకపోలేదు. అయినా, ఇంట్లో ఒక్క పుస్తకమూ కొనని పెద్దలు ఈ మాట అనడం చిత్రం." ఇది నేను కల్పించిందే గానీ ఇలాంటివి ఏ ఉదయాన్నయినా దొరుకుతాయి. రచయిత అభిప్రాయం ఏమిటని అడిగితే తరగతిలో సగానికి పైగా 'సెల్‌ఫోన్ చెడ్డది' అన్నారు. మొదట ఉంది కదా మరి. 'లేకపోలేదు' దగ్గర మిగతావాళ్లలో కొందరు బోల్తా పడ్డారు. రెండు లేదులు కలిసి ఉన్నదవుతుందని లెక్కల మాస్టారొచ్చి చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ పట్టుకోవాల్సిన తోకలు మూడు: 'అని అంటారు' (మాట నాది కాదు), 'నిజమే' (కాస్త ఒప్పుకుంటున్నా, జాగ్రత్త), 'అయినా, కానీ, అయితే' (ఇప్పుడు నా మాట వినండి). 'నిజమే' అన్న మాట కనిపిస్తే ఇంకో రెండు వాక్యాలు చదివేదాకా ఏమీ తేల్చుకోవద్దని మా పిల్లలకు చెబుతాను. పెద్దవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది, ముఖ్యంగా వాట్సాప్‌లో వచ్చినవి చదివేటప్పుడు.

ఇవి చేయకండి

ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లలకు అల్లికలు చెప్పొద్దు. అక్షరం నుంచి అక్షరానికి దాటడానికే ఊపిరి సరిపోని పిల్ల వాక్యాల మధ్య ముడి ఎక్కడ చూస్తుంది? వాళ్లకు నోటితో కథలు చెప్పండి, 'ఎందుకని?' అని అడగండి. అదీ ఇదే విద్య, అచ్చు లేకుండా.

అల్లిక తెలిసినంత మాత్రాన అన్ని పాఠాలూ అర్థమైపోతాయనీ నమ్మించకండి. 'ఆనకట్ట' అంటే ఏమిటో తెలియని పిల్లకు ఎన్ని బాణాలు గీసినా ఖాళీ గళ్లే. మాటలు, లోకజ్ఞానం వేరే దారిలో రావాలి.

పేర్ల మీద పరీక్ష పెట్టొద్దు. నేను ఒక ఏడాది పెట్టాను. 'ఈ పేరా ఏ అల్లిక?' అని పది ప్రశ్నలు. పిల్లలు చక్కగా పదికి తొమ్మిది తెచ్చుకున్నారు. అవే పేరాల్లో ఏముందో చెప్పమంటే మళ్లీ 'గురించి, గురించి'. వెతకడంలో ఆరితేరినవాళ్లు కదా, తోక చూసి పేరు వెతుక్కున్నారు. తప్పు వాళ్లది కాదు, నాది. అప్పటినుంచి ఒకే ప్రశ్న అడుగుతున్నాను: 'పుస్తకం మూసి చెప్పు.'

ఇంటి దగ్గర అమ్మానాన్నలకు బోర్డు, ఎర్ర పెన్సిలు అక్కర్లేదు. పేపరులో ఒక వార్త పిల్ల చేత చదివించండి. వెంటనే 'ఏమైంది?' అని అడగకండి, దానికి 'గురించి' జవాబే వస్తుంది. 'ఇది ఎందుకైంది?', 'ఇంతకుముందు ఏమైంది?', 'ఇప్పుడు ఏం చేస్తారట?' అని అడగండి. అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఈ పని ఆవిడకప్పగించండి. చదువు రాకపోయినా ఫరవాలేదు. 'అయితే ఏం? ఎందుకట?' అని ఆవిడ అడిగినంత బాగా మనం అడగలేం.

మూసీ పేరా చదివిన అమ్మాయి చేత ఆ ఏడాది సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ అదే పేరా చదివించాను. కాగితం బోర్లా పెట్టి చెప్పింది: "చెరువులు తెగి మూసీ పొంగి ఊరు మునిగింది సార్. మళ్లీ మునగకూడదని విశ్వేశ్వరయ్య గారిని పిలిచారు. పైనే ఆపమన్నారు ఆయన. అందుకని రెండు చెరువులు కట్టారు." ఏళ్లేవీ చెప్పలేదు. చింతచెట్టు వదిలేసింది. అడిగితే, "అది కథలో ఉంది సార్, కారణంలో లేదు" అంది.

రేపు మీ తరగతిలో ఏ పాఠం జరుగుతుంటే ఆ పాఠంలోంచే ఒక్క పేరా తీసుకోండి. చదివించి, మూయించి, చెప్పమనండి. పిల్లలు చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి దాచండి. రెండు నెలల తర్వాత దాన్ని మీరు దిద్దక్కర్లేదు, ఆ పిల్లల చేతికే ఇవ్వండి.